సగం మాత్ర

చీటీ ఒలిచి, డబ్బాకు అంటించి, బొటనవేలితో ఒకసారి నొక్కి పక్కన పెట్టింది. మళ్లీ చీటీ, మళ్లీ డబ్బా. ఆసుపత్రి మందుల కౌంటర్ బయట జనం అప్పటికే మెట్ల దాకా నిలబడ్డారు. ఆ గదిలో ఆమెను అందరూ లేబులక్క అంటారు. ఒకప్పుడు చీటీలన్నీ చేత్తో రాసేది, ఇప్పుడు కంప్యూటర్‌లో కొడుతోంది. మారనిదల్లా భయమే. తాళం వేసి నాలుగడుగులు నడిచాక వెనక్కి వచ్చి లాగి చూసే మనిషి ఆమె. అన్నయ్య ఇంట్లో ఉంటోంది. అక్కడ ఉప్పు డబ్బాకూ, చక్కెర డబ్బాకూ కూడా చీటీలే. "ఊరుకుంటే నా నుదుటి మీద 'వదిన' అని అంటించేస్తుంది," అని వదిన ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పి నవ్విస్తుంటుంది.

నిన్న పాత ప్రింటర్ తీసేసి కొత్తది పెట్టారు. వాళ్లు వాడే చీటీ అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దది. కొత్త ప్రింటర్‌లో ఉన్న కొలతల్లో అలాంటిది లేదు. సాయంత్రం ఆమే కూర్చుని, స్కేలు పెట్టి చీటీ వెడల్పూ ఎత్తూ కొలిచి, ఆ అంకెలు కొట్టి సేవ్ చేసింది. తీసి చూసిన చీటీల మీద నాలుగు వరుసలూ చక్కగా పడ్డాయి. పేరు, మందు, పూట, మోతాదు. ఆ ధైర్యంతోనే ఇంటికి వెళ్లి పడుకుంది.

ఇప్పుడు బొటనవేలు చీటీ మీదే ఆగిపోయింది. 'రాత్రి భోజనం తర్వాత' అన్న వరుసతో చీటీ అయిపోయింది. కింద మోతాదు లేదు. ట్రేలో ఉన్న డబ్బాలు తిప్పి చూసింది. ఒక్కదాని మీదా నాలుగో వరుస లేదు.

"మేడమ్, కిటికీలోంచి ఇచ్చినవి వెనక్కి పిలవండి. మోతాదు పడలేదు."

ఇన్‌చార్జి మేడమ్ లేచి పేర్లు పిలిచింది. గొణుక్కుంటూ అందరూ తిరిగి వచ్చారు, ఒక్కరు తప్ప. గొడుగాయన మందు వెళ్లిపోయింది.

ఎండైనా వానైనా గొడుగు లేకుండా రాడని ఆ పెద్దాయనకు ఆ పేరు. వచ్చిన ప్రతిసారీ దాన్ని కౌంటర్ మీదే మరిచిపోయేవాడు. విసుగెత్తి ఆమె ఒక చీటీ కొట్టి గొడుగు పిడికి అంటించింది. ఆయన దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని, "రోజుకెన్నిసార్లు వేసుకోవాలమ్మా దీన్ని?" అన్నాడు. ఆ రోజంతా ఆమె తలుచుకుని నవ్వుకుంది.

మొన్న డాక్టరు ఆయన గుండె మాత్రను సగానికి తగ్గించారు. ఆయనొక్కడే వచ్చి చూపించుకున్నాడు. ఆ మాత్రలు నిండుకోవడంతో తర్వాత రమ్మన్నారు. ఇవాళ కూతురు వచ్చింది. నాన్నకు నీరసంగా ఉంది, లేవలేకపోతున్నాడు అని చెప్పి, మందు తీసుకుని గబగబా వెళ్లిపోయింది. మాత్ర సగం చేసిన సంగతి ఆ అమ్మాయికి తెలియదు. చీటీ మీద లేదు. అలవాటు కొద్దీ రాత్రికి ఒకటి వేసేస్తుంది.

లేబులక్క కంప్యూటర్లు బాగుచేసే ఆయనకు ఫోన్ చేసింది.

"పొద్దున కంప్యూటర్ ఎవరి పేరుతో తెరిచారక్కా?"

"మేడమ్ పేరుతో."

"అదీ సంగతి. మీరు కొలత మీ పేరు మీద సేవ్ చేసుకున్నారు. ఆవిడ పేరుతో తెరిస్తే ప్రింటర్ దానిలో ముందే ఉన్న కొలతే పట్టుకుంటుంది. ప్రింటర్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి అందరికీ పనిచేసేలా పెట్టండి. మీరు చీటీలు కొట్టే చోట కూడా అదే కొలత ఉందో లేదో చూసుకోండి."

మొదటి చీటీ అడ్డంగా వచ్చింది. వెడల్పు ఉండాల్సిన చోట ఎత్తు కొట్టింది. సరిచేశాక రెండు చీటీల మధ్య ఒక ఖాళీ చీటీ రావడం మొదలైంది. బయట ఎవరో, "మీరు మందిచ్చేలోపు మా రోగమే తగ్గిపోయేలా ఉంది," అన్నారు. నలుగురు నవ్వారు. చీటీకీ చీటీకీ నడుమ ఉండే సందు కూడా కొట్టాక, చివరికి నాలుగు వరుసలూ పడ్డాయి. అందరికన్నా ముందు గొడుగాయన చీటీ తీసింది. 'సగం మాత్ర మాత్రమే.' వెనక కాగితం ఒలవకుండా పర్సులో పెట్టుకుంది.

కూతురి ఫోన్ మోగుతోంది కానీ ఎవరూ ఎత్తడం లేదు. మధ్యాహ్నం దాకా వీలు దొరికినప్పుడల్లా చేస్తూనే ఉంది. డబ్బాలో అన్నం అలాగే ఉండిపోయింది.

"రాత్రి మందేగా, ఆలోపు ఎత్తుతారు," అంది మేడమ్.

"ఎత్తకపోతే?"

"ఇన్నాళ్లూ ఒకటి వేసుకున్న మనిషేగా. అంత కంగారేంటమ్మా?"

"అది ఎక్కువై కళ్లు తిరుగుతున్నాయనే కదండీ సగం చేశారు."

మేడమ్ గడియారం చూసింది. "ముందే వెళ్లు. ఇక్కడ నేను చూసుకుంటాలే," అంది.

బస్సులో కూర్చోబుద్ధి కాలేదు, ఖాళీ సీటు పక్కనే నిలబడింది. నీ భయాలన్నీ ఉత్తవేనని అందరూ చెబుతుంటే ఇన్నాళ్లూ పైకి ఒప్పుకోకపోయినా లోలోపల నమ్ముతూనే వచ్చింది. ఇవాళ నిజంగా జరిగింది. తన చేత్తోనే అంటించింది. ఆయనకేమైనా అయితే ఆ చెయ్యి చూసుకుంటూ ఎలా బతకడం? దేవుడా, ఇంకా భోజనం చేసి ఉండకూడదు అనుకుంది.

గొడుగాయన ఎప్పుడో మాటల్లో చెప్పిన గుర్తులే: నీళ్ల ట్యాంకు దాటి, సందు చివర పచ్చ గేటు. గేటు తీసే ఉంది. గుమ్మం ముందు చాలా జతల చెప్పులున్నాయి. తన చెప్పులూ ఒక పక్కన విడిచింది.

ముందు గదిలో జనం నిశ్శబ్దంగా కూర్చున్నారు. ఆయనను మంచం మీద పడుకోబెట్టి మెడదాకా దుప్పటి కప్పారు. కూతురు లేచి ఎదురొచ్చింది. లేబులక్క ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "మాత్ర వేశారా?"

"ఇంకెక్కడక్కా. నేను మందు తెచ్చేసరికే పోయారు. సంచి కూడా విప్పలేదు."

ఆమెకు ప్రాణం లేచి వచ్చింది. ఆ చావింటి గుమ్మంలో నిలబడి హమ్మయ్య అనుకుంది, నా వల్ల కాదు అనుకుంది. మరుక్షణం తన మీద తనకే అసహ్యం వేసింది. పొద్దుటి నుంచీ తాను పరుగెత్తింది ఆయన కోసమా, తన చేతి కోసమా?

"ఇంత దూరం నాన్నను చూడ్డానికే వచ్చారా?" కూతురు ఆమె భుజం మీద వాలి ఏడ్చింది. "మిమ్మల్ని తలవని రోజు లేదక్కా. ఆసుపత్రిలో పలకరించే మనిషి మీరొక్కరేనట."

కాదని చెప్పడానికి నోరు తెరిచింది. చెప్పకుండానే ఆ అమ్మాయి వీపు నిమురుతూ నిలబడింది. పర్సు పట్టీని రెండో చేత్తో గట్టిగా పట్టుకుంది. అప్పుడొచ్చింది ఏడుపు, ఆయన కోసమే.

చీకటి పడకముందే బయలుదేరింది. మందుల సంచి కిటికీ గట్టు మీద, వేసిన ముడి వేసినట్టే ఉంది. దాన్ని అడిగి తీసుకోవాలనిపించలేదు. తలుపు వెనక మేకుకు గొడుగు వేలాడుతోంది. పిడికి అంటించిన చీటీ అంచులు లేచి, చెయ్యి పట్టిన చోట మాసిపోయింది. కానీ ఆ రోజు కొట్టిన వరుసలన్నీ ఉన్నాయి, చివరిది కూడా: 'మరిచిపోతే మందుల కౌంటర్‌లో అడగండి.'