గంతలకు పెట్టిన దిష్టిచుక్క

నేను ఒక వీఆర్ హెడ్‌సెట్‌ని. పేరు గొప్పగా ఉంది కదా అని మురిసిపోకండి. విశాఖపట్నం ఓడరేవు పక్కనున్న క్రేన్ శిక్షణ కేంద్రంలో నన్నందరూ గంతలు అంటారు. నన్ను కళ్లకు తగిలించుకుంటే చుట్టుపక్కల మనుషులు కనబడరు, నా తెర మీది లోకమే కనబడుతుంది. కాబట్టి ఆ పేరు తప్పనలేను. ఒక మాట ముందే చెప్పేస్తాను, నాకు అసూయ ఎక్కువ. ఒకసారి ఒక ముఖానికి అలవాటుపడ్డానంటే అది ఇంకెవరి జోలికీ వెళ్లకూడదు.

ఈ గుణం పుట్టుకతో వచ్చింది. ఎక్కడో దూరదేశంలో, తెల్లకోట్లూ టోపీలూ తొడుక్కున్న మనుషులు నన్ను బిగించారు. పక్క బల్ల మీద చేతిగడియారాలు తయారయ్యేవి. వాటిని పెట్టెల్లో పెట్టేటప్పుడు మఖమల్ గుడ్డ పరిచారు, మాకు అట్టముక్క చాలన్నారు. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు. ఓడెక్కి వచ్చాక మొదట ఒక మాల్‌లోని ఆటల దుకాణంలో పడ్డాను. పిల్లలు పాప్‌కార్న్ తిన్న చేతులతోనే నన్ను పట్టుకునేవారు. వాళ్ల తండ్రులు నాలో సింహాన్ని చూసి కెవ్వున కేకవేసి, నన్ను తీశాక "అబ్బే, నేనేం భయపడలేదు" అనేవారు. మనుషులకు నమ్మడానికి క్షణం పట్టదు, నమ్మామని ఒప్పుకోవాలంటే మాత్రం ప్రాణం పోతుంది. దుకాణం మూతపడ్డాక గౌరునాయుడు మాస్టారు నన్ను ఈ కేంద్రానికి తెచ్చారు.

మాస్టారు ఒకప్పుడు ఓడరేవులో క్రేన్ నడిపినవారు. ఇప్పుడు ఆ పని నేర్పుతున్నారు. నన్ను తగిలించుకుని కుర్చీలో కూర్చుంటే ఎత్తయిన క్రేన్ క్యాబిన్‌లో ఉన్నట్టే ఉంటుంది. కాళ్ల కింద అద్దం, ఆ కింద ఎక్కడో ఓడ, చుట్టూ సముద్రం. లివర్ కదిపి, ఓడ మీది కంటెయినర్‌ను లేపి, ఊగకుండా లారీ మీద దింపాలి.

నూకరత్నం భీమిలి వైపు రొయ్యల కంపెనీలో పనిచేసి వచ్చింది. మంచునీళ్లలో రొయ్యలు ఒలిచి ఒలిచి వేళ్లు మొద్దుబారిపోయాయట. ఇక్కడ పరీక్ష నెగ్గితే నిజమైన క్రేన్ ఎక్కనిస్తారు, తప్పితే మళ్లీ ఆ మంచునీళ్లే. కానీ ఆమెకు ఎత్తంటే భయం. మొదటిసారి నాలోంచి కిందికి చూడగానే "అమ్మో, పడిపోతన్నాను" అని కుర్చీ చేతులు పట్టేసుకుంది. రోజూ కొంచెం కొంచెంగా నేనే ఆ భయం వదిలించాను. మాస్టారు వదిలించారని అందరూ అంటారు, అననీయండి. నా పట్టీ తన చిన్న తలకు వదులైతే పిన్నీసు పెట్టి బిగించుకుంది. అప్పటినుంచి ఆమె నా సొత్తని నేను అనుకున్నాను.

అంతలో కొత్తది దిగింది. తీగ లేదు, బరువు లేదు, ముఖానికి ఆనే చోట మెత్తటి దిండు. అందరూ దాని చుట్టూ మూగుతుంటే కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను. నూకరత్నం మాత్రం దాన్ని ఒకసారి వేలితో నొక్కి చూసి, నా దగ్గరికే వచ్చింది.

దసరాకి ఆయుధపూజ చేశారు. ఓడరేవులో క్రేన్లన్నిటికీ పసుపు రాసి, బంతిపూల దండలు వేసి, గుమ్మడికాయలు కొట్టారు. మా కేంద్రంలో కుర్చీకీ లివర్‌కీ కుంకుమబొట్లు పెట్టారు. నాకూ పెట్టారు, అయితే కొత్తదాని తర్వాతే పెట్టారు. పూజకు వచ్చిన అధికారుల ముందు నూకరత్నం నన్ను పెట్టుకుని కంటెయినర్ దింపింది. అందరూ చప్పట్లు కొట్టారు. "ఆ పాత గంతల్లోనే ఏదో ఉంది," అన్నాడు తోటి విద్యార్థి పైడిరాజు. ఆ మాట నూకరత్నానికి ముల్లులా గుచ్చుకుంది. అందరూ వెళ్లాక చేతిసంచిలోంచి కాటుక భరిణె తీసి, "ఎవల కళ్లు పడ్డాయో ఏటో" అని గొణుక్కుంటూ, మాస్టారి కంట పడకుండా నా లోపల, రెండు అద్దాల నడుమ, దిష్టిచుక్క పెట్టింది.

సరిగ్గా అక్కడే నాకు పప్పుబద్దంత కన్ను ఉంది. ముఖం వచ్చి ఆనిందని అది చెబితేనే నా తెర వెలుగుతుంది. కాటుక దాన్ని కప్పేసింది. ఇక ఎవరు తగిలించుకున్నా ముఖమే లేదనుకుని చీకటిగా ఉండిపోతాను. అది తెలిసినా నాకు దిగులు వేయలేదు. కుంకుమ అందరికీ పెట్టారు, కాటుక నాకొక్కదానికే దక్కింది. కొత్తదాని వైపు చూసి చంకలు గుద్దుకున్నాను.

సెలవులయ్యాక పరీక్ష రోజు వచ్చింది. నూకరత్నం నన్ను తగిలించుకుంది.

"ఏటీ కనబడ్డం లేదు మాస్టారూ. అంతా సీకటే."

"కంగారుపడకు. చార్జింగు అయిపోయుంటుంది."

చార్జింగు నిండుగా ఉంది. మాస్టారు తీగ పీకి మళ్లీ గుచ్చారు. బొత్తాం నొక్కిపట్టి ఆపి, మళ్లీ ఆన్ చేశారు. లోపల చిన్న మోత వినబడింది గానీ తెర వెలగలేదు. పైడిరాజు నా వీపు మీద రెండు చరిచాడు, వాళ్లింట్లో టీవీకి అదే వైద్యమట. చివరికి నన్ను బీరువాలో పెట్టి, కొత్తదాన్ని ఆమెకు తగిలించారు. బీరువా అద్దంలోంచి అంతా చూశాను. నా నూకరత్నం ముఖం మీద అది! ఒళ్లు భగ్గుమంది. జారిపో, జారిపో అని శపించాను. జారింది కూడా. ఆ చిన్న ముఖం మీద అది నిలవక, బొమ్మ మసకబారి, నూకరత్నం తూలింది. గోడ మీది తెరలో కంటెయినర్ ఊగిపోయి లారీకి గుద్దుకుంది. ఎర్రదీపం వెలిగింది. నాకు పండగే పండగ.

నూకరత్నం కొత్తదాన్ని తీసేసి తన వేళ్లు చూసుకుంటూ కూర్చుంది. మంచు కోసిన గాట్లు వాటి మీద ఇంకా ఉన్నాయి. అది చూశాక నా సంబరం నాకే రుచించలేదు. మాస్టారు వెళ్లి పరీక్షాధికారిని బతిమాలి వచ్చారు.

"మధ్యాహ్నం ఇంకొక్కసారి చెయ్యమన్నారు. అదే ఆఖరు, గుంటా."

"అయితే నాకు పాతదే కావాల మాస్టారూ. దీంతో కళ్లు తిరిగిపోతన్నాయి. మళ్లీ రొయ్యల కాడికి నానెల్లలేను."

మాస్టారు ఫోను తీసి, తెర నల్లబడితే ఏం చెయ్యాలో పైకి చదవసాగారు. చార్జింగు చూశారు, తీగ చూశారు, ఆపి మళ్లీ ఆన్ చేశారు. "అద్దాల మధ్య చిన్న సెన్సార్ ఉంటుందట. దాన్ని ఏదీ కప్పకుండా చూసుకోమని రాశారు."

నూకరత్నం నీళ్లు నమిలింది. "కప్పీస్తే ఏటవుద్ది మాస్టారూ?"

"ముఖం ఉందని దానికి తెలీదు. తెర వెలగదు. ఏం?"

"నానే ఎట్టీసినాను. దిష్టిసుక్క."

గదంతా గొల్లుమంది. "ఓలప్పో! గంతలకి దిష్టేటి? రేపు మొలతాడు కూడా కడతావేటి?" అని పైడిరాజు పొట్ట పట్టుకున్నాడు. మాస్టారు మాత్రం నవ్వలేదు. క్రేన్ నడిపిన రోజుల్లో ఆయన కూడా క్యాబిన్‌లో నిమ్మకాయ కట్టనిదే లివర్ ముట్టుకునేవారు కాదట.

"పెట్టడం తప్పు కాదు, పెట్టిన చోటే తప్పు. తుడిచెయ్," అన్నారు.

తుడవకే తల్లీ అని నా ప్రాణం కొట్టుకుంది. ఆ చుక్క పోతే నాకూ కొత్తదానికీ తేడా ఏముంది? ఆమె చున్నీ అంచు తడిపి ఒక్క తుడుపు తుడిచేసింది. ముఖం ఆనించింది. అదే చెమట, అదే కొబ్బరినూనె వాసన. ఏం చేయను, వెలిగాను. ఆ మధ్యాహ్నం నూకరత్నం కంటెయినర్‌ను పసిబిడ్డను పక్కలో పడుకోబెట్టినట్టు దింపింది. పచ్చదీపం వెలిగాక కూడా కాసేపు నన్ను తీయలేదు. లోపల ఆమె కన్నీళ్లు నా అంచులకు అంటుకున్నాయి. ఆ తడి చూసుకుని నేను చాలా మిడిసిపడ్డాను.

తర్వాత ఆమె నిజమైన క్రేన్ ఎక్కింది. ఇక నా అసూయ కొత్తదాన్ని వదిలి ఆ ఇనపదాని మీదికి మళ్లింది. దాని దగ్గర ఏముంది, తుప్పూ గ్రీజూ తప్ప? అదే క్యాబిన్ నాలో ఉంది, అదే ఓడ, అదే సముద్రం. ఆమె తిరిగి రాకపోతుందా అని ఎదురుచూశాను.

ఒక సాయంత్రం వచ్చింది. జుట్టంతా రేగిపోయి ఉంది, ముఖం ఎండకు కమిలింది. మాస్టారికి మిఠాయి పెట్టి, నన్ను చేతిలోకి తీసుకుని, నవ్వుతూ తగిలించుకుంది. నా దగ్గరున్న వెలుగంతా పోశాను. ఆకాశాన్ని ఎప్పుడూ లేనంత నీలంగా చూపించాను. ఆమె అటూ ఇటూ చూసింది. చెయ్యెత్తి ముఖం ముందు దేనికోసమో తడిమింది.

"ఇందులో గాలి లేదేటి మాస్టారూ?"

"ఎప్పుడూ లేదమ్మా."

"అవునేటి? నాకు తెలనే లేదు."

నన్ను మెల్లగా తీసి బల్ల మీద పెట్టి, కిటికీ తెరిచింది. దూరంగా ఆమె క్రేన్ కనబడుతోంది. ఉప్పుగాలి లోపలికి కొట్టింది. ఆమె ఆ క్రేన్ వైపే చూస్తూ నిలబడింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. నన్ను పెట్టుకున్నన్నాళ్లూ నన్నే చూస్తోందనుకున్నాను, నాలోంచి దాన్నే చూసింది.