తడిగుడ్డ తగలని మిషన్

ఓబులేశ్‌కి నోరు పడిపోయి రెండేళ్లయింది. కుడి చెయ్యీ కాలూ దానితోపాటే పోయాయి. ఏదైనా చెప్పడానికి మిగిలింది తల ఊపడమొక్కటే.

ఆ మనిషికి ఒకటే పిచ్చి. వయసులో ఉండగా బెంగళూరు ఫ్యాక్టరీలో తాను నడిపిన బీరువా అంత మినీకంప్యూటర్‌ని తుక్కుకి వేస్తుంటే కొని, శనక్కాయల లారీలో రాయచెర్లుకి తెచ్చుకున్నాడు. దాన్ని చేసిన కంపెనీ పేరు కూడా ఇప్పుడు ఎవరికీ తెలియదు. ముప్పయ్యేళ్లు పొడిగుడ్డతో తుడిచాడు. ఆయుధపూజకైనా పైన కుంకుమ బొట్టే, నీటిచుక్క తగలనిస్తే ఒట్టు!

బెంగళూరులో పాత మినీకంప్యూటర్లు సేకరించే ధనుశ్రీ ఎవరో పంపిన ఫోటో చూసి ఫోన్ చేసింది. "దాని మెమరీ కరెంటు లేకపోయినా మరిచిపోదు సార్. మీరు చివర్లో రాసింది లోపలే ఉంటుంది. ఆదివారం వచ్చి మీ ముందరే చదివిస్తా."

ఫ్యాక్టరీలో అది నడిచిన చివరిరోజు ఓబులేశ్ అందులో తనతో పనిచేసిన పదకొండుమంది పేర్లు రాశాడు. వాటిలో నాలుగు ఎంత తవ్వుకున్నా ఇప్పుడు గుర్తు రావు. ఆ నాలుగింటి కోసం ఆదివారం ఎప్పుడొస్తుందా అని కాచుకున్నాడు. పక్కనే ఫోన్ పట్టుకున్న పెళ్లాం నరసక్కకి అర్థమైంది ఒకటే: బెంగళూరు నుంచి మనుషులొస్తున్నారు.

నరసక్క సోలార్ పార్కులో ప్యానెళ్లు కడిగే కూలి. ఆదివారం పొద్దున్నే సబ్బునీళ్ల బకెట్టు, బ్రష్షు పట్టుకుని మిషన్ తలుపు తీసింది. ప్యానెళ్లూ కరెంటువే కదా, కడిగితేనే బాగా పనిచేస్తాయని సూపర్‌వైజరే చెప్పాడాయె! లోపలి సర్క్యూట్ పలకలన్నీ ఊడలాగి, వాకిట్లో పరిచి, తోమడం మొదలుపెట్టింది.

ఓబులేశ్ ఎడమచేత్తో మంచం పట్టె దబదబా బాదాడు. వద్దు వద్దని తల ఊపాడు. కళ్లనీళ్లు కారిపోయాయి.

"అయ్యో సామీ, నాకేం కష్టమప్పా? దినామూ ఎన్ని కడుగుతాండానో! నువ్వు ఊరికే ఉండు" అంటూ ఇంకో బకెట్టు గుమ్మరించింది.

ఎంత ప్రేమో! దానికి అడ్డుపడేందుకు ఒక్క మాటైనా మిగల్చలేదే ఆ పాడుదేవుడు!

ధనుశ్రీ వచ్చి, వాకిట్లోనే కూలబడి ఒక పలక తీసుకుంది. ఆవగింజంత రింగులు గుచ్చిన సన్నతీగలు తెగి, ఉండచుట్టుకుని ఆమె వేళ్లకి అంటుకున్నాయి.

"అక్కా, మెమరీ అంటే ఇదే..." అని ఆగిపోయింది.

నరసక్క బ్రష్షు కింద పెట్టింది. మొగుడి దగ్గరికి వచ్చింది.

"ఆయమ్మ ఏంది అట్ల చూస్తాది? నేనేమన్నా చెడగొట్టినానా?"

ఓబులేశ్ ఆమె చేతులు చూశాడు. సబ్బునీళ్లకి నాని ముడతలు పడి ఉన్నాయి. గుర్తున్న ఏడు పేర్లూ మనసులో ఒకసారి అనుకున్నాడు. తర్వాత, లేదని తల ఊపాడు.