వెన్నింగ్ ముంచినవి ఏమీ లేవు

యుద్ధకాలంలో మా ఊరు వెన్నింగ్ అనే ఫ్రిగేటుని దత్తత తీసుకుంది. సరుకు నౌకలకి కాపలా కాసే యుద్ధనౌక అది. ఊళ్ళో ఆడవాళ్ళు మేజోళ్ళు అల్లి పంపారు, బదులుగా ఆ ఓడ నావికులం మేం దాని పేరు చెక్కిన ఇత్తడి పలక పంపాం. అది టౌన్ హాల్ గోడకెక్కింది. యుద్ధం అయిన మూడేళ్ళకి దాన్ని పీకేద్దామన్నాడు కౌన్సిలర్ ఆగ్డెన్. నేను ఆ ఓడలో మూడేళ్ళు నీటి అడుగు చప్పుళ్ళు వినే పని చేసినవాణ్ణి. ఊరుకుంటానా?

టౌన్ హాల్లో జరిగిన సభలో ఆయన నౌకాదళం నుంచి తెప్పించిన ఓడ చరిత్ర చదివాడు. ఉన్నదల్లా ఒక్క కాగితం.

"కాపలా కాసిన నౌకల గుంపులు ఇరవై తొమ్మిది. ముంచిన జర్మన్ సబ్‌మెరైన్లు ఏమీ లేవు." కళ్ళజోడు తీసి నవ్వాడు. "ఏమయ్యా ఎనాక్, మూడేళ్ళూ షికారు చేశారా? పక్క ఊరు కెల్‌బ్రుక్ వాళ్ళు దత్తత తీసుకున్న ఓడ చూడు, ఒకదాన్ని ముంచింది. కెప్టెన్‌కి పతకం కూడానూ!"

జనం పకపకా నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"షికారా? ఆ సబ్‌మెరైన్‌ని ముందు విన్నది ఈ చెవులేనండీ!" అని లేచాను. "ఆ రోజు కెల్‌బ్రుక్ ఓడ మా పక్కనే కాపలా. మా వాళ్ళంతా వెంటపడదాం అని ఒకటే గోల. నేనూ అరిచాను, అబద్ధమెందుకు. మా కెప్టెన్ ఒప్పుకోలేదు. 'మన పని వేట కాదర్రా, కాపలా. చోటు వదిలితే గుంపులోకి దారిచ్చినట్టే' అన్నాడు. పిరికిపంద అని లోపల తిట్టుకున్నాను. కెల్‌బ్రుక్ వాళ్ళు వెళ్ళారు, ముంచారు. శభాష్! వాళ్ళు వదిలిన ఖాళీలోంచి ఇంకో సబ్‌మెరైన్ దూరింది."

"అయితే?" అన్నాడు ఆగ్డెన్.

"అయితే ఏంటండీ! గుంపులో అటువైపున్న చమురు నౌక ఒకటి తగలబడిపోయింది. మా తమ్ముడు విల్ఫ్రెడ్ అందులో ఇంజన్ దగ్గర పనిచేసేవాడు."

ఆగ్డెన్ కాగితం మడతపెట్టి, "ఆ సంగతి ఇందులో ఎక్కడా లేదే" అన్నాడు మెల్లగా.

"ఉండదు. మేం కాపలా కాసిన వైపు నుంచి ఒక్క నౌకా పోలేదన్నదీ ఉండదు. మునగని ఓడ గురించి ఎవడు రాస్తాడు?" గోడమీది పలకకేసి వేలు చూపించాను. "పలక పీకడం కాదు, 'ముంచినవి ఏమీ లేవు' అని దానిమీద పెద్ద అక్షరాలతో చెక్కించండి. మా తమ్ముడి నౌక మా వైపు ఉండుంటే, వాడు ఇవాళ ఇక్కడ కూర్చుని మీతోపాటు నన్ను చూసి నవ్వేవాడు."