జరిగితే జరగనీ

ఒర్నెల్లాకి లవీనియా అంటే ప్రాణం. నలుగురిలో చెప్పుకునే మాట అది. నలుగురూ లేనప్పుడు మాత్రం లవీనియా పేరు తలుచుకుంటే చాలు, కడుపులో పొయ్యి రాజుకునేది.

ఎందుకు రాజుకోదు చెప్పండి! ఇటలీలోని మచెరాతా ఊళ్ళో ఇద్దరిదీ ఒకే గది, ఒకే లా కాలేజీ. ఒర్నెల్లా ఏడాది పొడుగునా క్రిమినల్ లా పుస్తకాన్ని నమిలి మింగుతుంది. వచ్చేది ముప్పైకి ఇరవై ఆరో, ఇరవై ఏడో. ఆ మహాతల్లి లవీనియా పరీక్ష ముంచుకొచ్చేదాకా డాన్సులంటూ తిరిగి, ఆఖర్న నాలుగు రోజులు పుస్తకం ముందేసుకుని, ముప్పైకి ముప్పై పట్టుకొస్తుంది. ఆ పైన ప్రొఫెసర్ మెప్పు కూడా. ఒర్నెల్లా తల్లి ఊరినుంచి ఫోన్ చేసినప్పుడల్లా, "మరి లవీనియాకెంతొచ్చిందే?" అని అడక్కుండా పెట్టెయ్యదు. దేవుడికి కూడా సొంత పిల్లలూ సవతి పిల్లలూ ఉంటారు కాబోలు అనుకునేది ఒర్నెల్లా.

ఈసారి సంగతి వట్టి మార్కులతో పోయేది కాదు. ప్రొఫెసర్ బెల్లాగంబా ఏటా ఒక్కరినే తన దగ్గర థీసిస్ రాయడానికి తీసుకుంటాడు. జూన్ పరీక్షలో ఎవరికి ఎక్కువొస్తే వాళ్ళనే. ఆయన చేతికింద తయారైనవాళ్ళు జడ్జీలవుతారని పేరు. ఒర్నెల్లాకి ఊహ తెలిసినప్పటినుంచీ జడ్జీ కావాలని ఉంది. లవీనియాకి ఆ కోరికైనా లేదు. "వస్తే రాద్దాం లేవే, పోయేదేముంది" అంటుంది నవ్వుతూ. ఆ నవ్వు చూస్తే ఒర్నెల్లాకి అరికాలి మంట నెత్తికెక్కేది.

పరీక్షకి ముందు రోజు మధ్యాహ్నం ఒర్నెల్లా ఒక చోట ఇరుక్కుపోయింది. ఎన్నిసార్లు చదివినా ఉద్దేశానికీ అజాగ్రత్తకీ మధ్య గీత ఎక్కడుందో అంతుపట్టలేదు. లవీనియా కిటికీ దగ్గర తల ఆరబెట్టుకుంటూ అందుకుంది.

"ఇందులో ఏముందే మొద్దూ! ఒకడు ఇరుకు సందులో కారు రయ్యిన తోలుతున్నాడనుకో. ఎవరికైనా తగలొచ్చని వాడికి తెలుసు. 'నా చెయ్యి తిరిగిన చెయ్యి, తగలదులే' అనుకున్నాడా, అది అజాగ్రత్త. 'తగిలితే తగలనీ, నా తొందర నాది' అనుకున్నాడా, అది ఉద్దేశం కింద లెక్క. తోలిన కారు అదే, పోయిన మనిషి అతనే. లోపల అనుకున్న మాట వేరు. దాన్నిబట్టి శిక్ష వేరు."

"లోపల అనుకున్నది జడ్జీకెలా తెలుస్తుందే?"

"అదేగా ఆయన తిప్పలు! రేపు జడ్జీవయ్యాక నువ్వే నాకు చెప్పు."

విషయం శుభ్రంగా బుర్రకెక్కింది. సంతోషించాలి కదా? ఒర్నెల్లాకి ఇంకాస్త మండింది.

అక్కడ పరీక్ష అంటే రాసేది కాదు. ప్రొఫెసర్ ఎదురుగా కుర్చీలో కూర్చుని, అందరూ వింటుండగా నోటితో చెప్పేది. ముందుగా పేర్లు పిలుస్తారు. పలకనివాళ్ళు ఇంటికి పోయి సెప్టెంబరులో రావాలి.

మర్నాడు పొద్దున హాలు బయట ఒర్నెల్లా మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

"ఏమీ తినలేదు కదూ? లోపల కళ్ళు తిరిగి పడితే నిన్నెవడు మొయ్యాలి?" అంది లవీనియా. "ఇక్కడే ఉండు. టైముందిలే, కాఫీ, జామ్ పెట్టిన కొర్నెత్తో బన్నూ పట్టుకొస్తా."

అని బజారు వైపు పరుగు తీసింది. ఆమె అటు మలుపు తిరిగిందో లేదో, అటెండరు తుల్లియో వచ్చి తలుపుకి ఒక కాగితం అంటించాడు. ఈ హాల్లో కరెంటు పోయిందట. పరీక్ష కొండ దిగువనున్న పాత బిల్డింగులోకి మార్చారట.

"పరుగెత్తండమ్మా! పిలుపు అనుకున్న టైముకే. ఆయన ఎవరికోసం ఆగే రకం కాదు" అన్నాడు తుల్లియో.

అందరూ మెట్లమీద పడి పరుగు లంకించుకున్నారు. ఒర్నెల్లా ఫోను చేతిలోకి తీసుకుంది. ఒక్క మాట చెబితే సరిపోయేది. తీసిన ఫోను మళ్ళీ సంచిలో పడేసింది. తిరిగొస్తే కాగితం చూస్తుందిగా అనుకుంది. చూస్తుంది, నిజమే. చూసి కొండ దిగేసరికి పిలుపు అయిపోతుంది. అదీ ఒర్నెల్లాకి తెలుసు.

జరిగితే జరగనీ, అనుకుంది.

"లవీనియా మోస్కోని" అని పిలిచాడు ప్రొఫెసర్. ఎవరూ పలకలేదు. ఆయన ఆ పేరు కొట్టేసి తర్వాతి పేరు పిలిచాడు. ఒర్నెల్లా గుండెమీంచి బండ దించినట్టయింది. అందుకు సిగ్గుపడాలని గుర్తొచ్చింది గానీ, సిగ్గు రాలేదు.

తన వంతు వచ్చినప్పుడు జంకు లేకుండా చెప్పింది. నేరప్రయత్నం, సహకరించినవాడి బాధ్యత, ఆత్మరక్షణ, ఏదడిగినా తడుముకోలేదు.

"ఇరవై తొమ్మిది. ఈ మార్కు ఒప్పుకుంటావా, మళ్ళీ పరీక్షకి వస్తావా?" అన్నాడు ప్రొఫెసర్.

"ఒప్పుకుంటాను ప్రొఫెసర్ గారూ."

ఆ రోజుకి అదే ఎక్కువ. ఒర్నెల్లా వెళ్ళి వెనక బెంచీలో కూర్చుంది. పరీక్ష అయినవాళ్ళు అలా కూర్చుని, తర్వాత వచ్చేవాళ్ళకోసం ప్రశ్నలు రాసిపెట్టడం అక్కడి అలవాటు.

అప్పుడు వచ్చింది లవీనియా. జుట్టంతా రేగిపోయి ఉంది, చేతిలో కాగితపు పొట్లం. "పిలుపుకి అందుకోలేకపోయానండీ. తప్పు నాదే" అంది. ప్రొఫెసర్ కాసేపు చిటపటలాడాడు. ప్రశ్నలు వినగానే ఇద్దరు పారిపోవడంతో టైము మిగిలింది. "సరే, చివర్న కూర్చో" అన్నాడు. ఒర్నెల్లా పక్కన చోటుంది. లవీనియా అక్కడికి రాలేదు.

చివరికి ఆమెను పిలిచి, ప్రొఫెసర్ అడిగాడు. "ఉద్దేశానికీ అజాగ్రత్తకీ తేడా చెప్పు. పుస్తకంలో కారు కథ వద్దు. అది విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి. నీ సొంత ఉదాహరణ కావాలి."

లవీనియా ఒడిలోని పొట్లం వైపు చూసింది.

"ఇద్దరు స్నేహితురాళ్ళండీ. ఒకమ్మాయి ఇంకో అమ్మాయికోసం కాఫీ తేవడానికెళ్ళింది. ఈలోగా పరీక్ష చోటు మారింది. ఆ కాగితం రెండో అమ్మాయి ఎదురుగానే అంటించానని అటెండరు చెప్పాడు. ఆ అమ్మాయి కబురు చెయ్యకుండా వెళ్ళిపోయింది."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఒర్నెల్లా చెయ్యి తనకు తెలియకుండానే సంచిలో ఫోను మీదికి పోయింది.

"ముందు అది నేరమేనా?" అన్నాడు ప్రొఫెసర్.

"కాదండీ. స్నేహితురాలికి చెప్పి తీరాలని చట్టంలో ఎక్కడా లేదు. మీరు మనసు సంగతి అడిగారు కాబట్టి చెబుతున్నా. 'ఎలాగో అందుకుంటుందిలే' అనుకుంటే అజాగ్రత్త. 'పోతే పోనీ' అనుకుంటే ఉద్దేశం."

"ఏదని తేలుస్తావు?"

"సాక్ష్యం చాలదండీ. అటెండరు ఆమె చూడడం చూశాడు, అనుకోవడం వినలేదు. అనుమానం మిగిలితే అది ముద్దాయికే లాభం. అజాగ్రత్త అని రాసి వదిలేస్తాను."

"మరి ఆ కాఫీ తెచ్చిన పిల్ల ఏమంటుంది?"

"బాధితురాలు తీర్పు రాయకూడదు కదండీ!"

ప్రొఫెసర్ పకపకా నవ్వాడు. "ముప్పై, మెప్పుతో సహా. వచ్చే వారం థీసిస్ గురించి మాట్లాడదాం, రా."

ఒర్నెల్లాకి ఏడుపొచ్చింది. థీసిస్ పోయినందుకు కాదు. క్షమించడంలో కూడా ఇదే ఫస్టు రావాలా? కనీసం నలుగురిలో తిట్టిపోసినా బాగుండేది. అప్పుడు హాయిగా అసహ్యించుకునేది.

హాలు ఖాళీ అయింది. లవీనియా వచ్చి పొట్లం బెంచీ మీద పెట్టింది.

"కాఫీ దార్లో ఒలికిపోయింది. కొర్నెత్తో చల్లారింది. అయినా తిను, పొద్దున్నించీ ఏమీ తినలేదుగా."

"పోతే పోనీ అనే అనుకున్నానే" అంది ఒర్నెల్లా.

"తెలుసు."

"తెలిసి ఎందుకు వదిలేశావు?"

"పరీక్షలో సాక్ష్యమే చెల్లుతుంది. నాకు తెలిసింది చెల్లదు." లవీనియా జుట్టు ముడేసుకుంది. "నువ్వు వచ్చేలోపు సామాను సర్దుకుంటాలే. మా పిన్నింట్లో ఒక గది ఖాళీగానే ఉంది."

"లవీనియా, ఒక్క మాట..."

"ఆ ఒక్క మాటకి పొద్దున్న ఫోనుంది కదే నీ దగ్గర."

మెట్ల మీద లవీనియా అడుగులు వినిపించినంతసేపూ ఒర్నెల్లా కదల్లేదు. తర్వాత పొట్లం విప్పింది. లోపల ఉన్నది మామూలు ఆప్రికాట్ జామ్ కొర్నెత్తో కాదు, నల్ల చెర్రీపళ్ళ జామ్‌ది. అది ఆ బజారంతటికీ ఒక్క కొట్లోనే దొరుకుతుంది, అదీ దూరం. ఒర్నెల్లాకి ఇష్టమని అంత దూరం పోయింది పిచ్చిది. ఒర్నెల్లా దాన్ని ఏడుస్తూనే చివరిదాకా తినేసింది.