స్టెబిలైజర్లు తీసేసిన వీధి

మా ఆయన పోయాక యూనియన్ వాళ్ల బడిలో నేర్చుకున్న అక్షరాలివి. ఒత్తులు తప్పితే సర్దుకుని చదవండి. చెయ్యి నెమ్మది, అందుకని జరిగింది మాత్రమే రాస్తాను.

మా వీధి మిల్లు వెనకాల ఉంది. మిల్లుకీ మాకూ ఒకటే ట్రాన్స్‌ఫార్మర్. మిల్లు వాడుకోగా మిగిలిందే మాకు. వీధి చివరికి వెళ్లేసరికి అదీ ఉండేది కాదు. ఆ చివరింట్లో తాత ఉండేవాడు. మిల్లులో దూది దుమ్ము పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడై, ఆక్సిజన్ మిషను మీద బతుకుతున్నాడు. మధ్యాహ్నం మిల్లులో పెద్ద మోటార్లు వేయగానే ఆ మిషను కీచుమని ఆగిపోయేది. ఆయన కోడలు విసనకర్ర తీసుకునేది. విసనకర్రతో ఊపిరి వస్తుందా?

అందరం కరెంటాఫీసుకు వెళ్లాం. ఇంజనీరు తలెత్తలేదు. "వోల్టేజీ చాలకపోతే స్టెబిలైజర్లు కొనుక్కోండి."

"మిల్లుకు వేరే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టించండి సార్. మోటార్లు కరెంటు తక్కువ లాగేలా కెపాసిటర్లయినా పెట్టుకోమనండి," అన్నాడు యూనియన్ తమ్ముడు.

"పెట్టుకోమని రాశాం."

"ఎప్పుడు రాశారు సార్, మీ తల మీద జుట్టున్నప్పుడా?" అంది కుట్టుమిషను వదిన. నవ్వాం. నవ్వుకుంటూనే ఉత్తచేతులతో వచ్చేశాం.

స్టెబిలైజర్ల కొట్టు మిల్లు ఓనరు బావమరిదిది. వాయిదాల మీద ఇస్తానన్నాడు. ఒకరిని చూసి ఒకరం తెచ్చుకున్నాం. నేనూ తెచ్చాను. పెట్టె పెట్టిన ఇంట్లో బల్బు వెలిగేది, పక్కింట్లో ఇంకా మసకబారేది.

"మీ పెట్టె మా కరెంటు లాగేస్తోందే."

"నువ్వూ కొనుక్కో, ఎవరొద్దన్నారు?"

ఒకే కుళాయి దగ్గర నీళ్లు పట్టుకునేవాళ్లం మొహాలు తిప్పుకున్నాం. మిల్లు మాట ఎవరూ ఎత్తడం లేదు.

యూనియన్ గదిలో మీటింగు పెట్టారు. కోడలు లేచింది. "మాకూ పెట్టె ఉంది. అందులో ఎర్రలైటు తప్ప ఏమీ వెలగదు. మీ పెట్టెలు టక్‌మన్నప్పుడల్లా మా మామయ్య గొంతు మూసుకుపోతోంది. అవి కరెంటు పుట్టిస్తాయా? మా ఇంట్లోంచే లాక్కుంటాయి."

"అయితే మేం చీకట్లో కూర్చోవాలా?" అన్నాడు సైకిల్ షాపు బాబాయి.

"నేను కూర్చోవడం లేదా బాబాయ్? రండి, తోడుగా ఉంటుంది," అంది కోడలు.

యూనియన్ తమ్ముడన్నాడు, "మనం మిల్లును వదిలేసి మనలో మనం కొట్టుకుంటున్నాం. వాళ్లకు కావలసింది అదే."

మర్నాడు పెట్టెలన్నీ మోసుకెళ్లి ఆ కొట్టు మెట్ల మీద పడేశాం. మిల్లు నడిచేటప్పుడు ఫ్రిజ్‌లు ఆపేశాం. నేను కరెంటు ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి బొగ్గులపెట్టె దింపాను. తాత మిషను ఆగకుండా తిరిగింది. "ఏరా, ఇన్నాళ్లకి గుర్తొచ్చానా?" అని బాబాయిని తిట్టాడు కూడా.

అలా కరెంటు మిగలడం చూసి మిల్లువాళ్లు ఇంకో వరస మోటార్లు వేశారు. ఆపడానికి మా దగ్గర ఇంకేం మిగల్లేదు. మధ్యాహ్నం మిషను ఆగి, మేమందరం చూస్తుండగానే తాత పోయాడు.

ఆయన్ని మంచంతో సహా తీసుకెళ్లి మిల్లు గేటు ముందు దించాం. మేనేజరు వచ్చాడు. "రోగిష్టి మనిషి. ఆయన చావుకీ మా కరెంటుకీ ఏం సంబంధం?"

"మోటార్లు ఆపించు. సంబంధం ఏంటో చూపిస్తాను," అంది కోడలు.

వాడు నవ్వాడు. లోపల మిషన్ల దగ్గరున్నది మా వీధి మగవాళ్లే. వాళ్లు విన్నారు. ఒక్కో మోటారూ ఆగింది. చివరింటి నుంచి బాబాయి పరుగెత్తుకొచ్చి చెప్పాడు, "ఫ్యాను గిర్రున తిరుగుతోంది. కింద మనిషే లేడు."

పోలీసులొచ్చి కోడలినీ యూనియన్ తమ్ముడినీ జీపెక్కించారు. కరెంటు సరఫరాకు అడ్డుపడ్డారని కేసు.

"శవాన్ని తీయండి," అన్నాడు ఎస్సై.

"కోడలు వచ్చేదాకా ఎత్తం," అన్నాను.

"ఎండకు పాడైపోతుంది."

కుట్టుమిషను వదిన ఆయన ఎదురుగా కూర్చుంది. "ఐసు తెప్పించండి. మీ ఇళ్లల్లో ఫ్రిజ్‌లు బాగానే పనిచేస్తాయిగా."

సాయంత్రానికి కోడలిని బేడీలతో తెచ్చారు. మామయ్య కాళ్లకు దండం పెట్టింది. "మిల్లు తిరగనివ్వకండి," అంది. మళ్లీ తీసుకుపోయారు. అప్పుడు తాతని ఎత్తాం.

మిల్లు తిరగడం లేదు. వేరే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టేదాకా, మావాళ్లిద్దరూ బయటికొచ్చేదాకా తిరగదు. రోజూ గేటు దగ్గరే ఉంటున్నాం. మీరూ రండి.

ఇస్త్రీ పెద్దమ్మ, అరవై మూడేళ్లు. కోడలు వచ్చేదాకా చివరింట్లోనే నా కాపురం.