కాకుల కర్ర

“హుష్! పో, పో!” అంటూ అసిరమ్మ కర్ర ఊపింది. ఇసుక మీద దిగబోయిన కాకి విసురుగా అరిచి, మళ్లీ చెట్టెక్కింది.

కర్ర నిలువెత్తు వెదురు. చివర పాత చీర పీలిక. భావనపాడు రేవులో ఎండుచేపల దగ్గర ఎనిమిదేళ్లప్పుడు పట్టుకున్న పని, పెళ్లయి ఓడెక్కి అండమాన్ వచ్చినా వదల్లేదు. చీర చిరిగినప్పుడల్లా పీలిక రంగు మారేది, అంతే. ఇప్పుడున్నది ఎరుపు. డెబ్భై ఏళ్లొచ్చాయి, కాకుల్ని తోలడం తప్ప ఏం చేశావంటే ఆమే చెప్పలేదు.

పోయినేడు మాత్రం ఓ తప్పు చేసింది. పెద్ద పసుపు కళ్ల ఇసుకపిట్ట ఒడ్డున ఉత్త ఇసుకలో ఒక్కగానొక్క గుడ్డు పెడితే, చూసుకోకుండా పక్కనే చేపలు ఆరేసింది. చేపలకొచ్చిన కాకులు గుడ్డును పొడిచి తినేశాయి. ఆ పిట్టను చూడ్డానికే రంగత్ నుంచి జీపుల్లో జనం వస్తారు. వాళ్లను తిప్పి చూపించేది ఆమె మేనల్లుడు సత్యారావు. అతను పల్లెత్తు మాట అనలేదు. ఆ అనకపోవడమే ఆమెను తినేసింది. 

ఈ ఏడు పిట్ట మళ్లీ అక్కడే గుడ్డు పెట్టింది. అసిరమ్మ చేపల తట్ట నెత్తినెట్టుకుని అరమైలు అవతలికి మోసి, అక్కడి పని కోడలికి అప్పగించి, తను గుడ్డుకు కాపలా కూర్చుంది. ఇవాళ్టికి నెల.

పొద్దున నలుగురొచ్చారు. కెమెరా పట్టుకున్న ఒకావిడ, హద్దుగా పేర్చిన కొబ్బరి డొక్కల వరస దాటబోయింది. అసిరమ్మ కర్ర అడ్డం పెట్టింది.

“ఆగే మత్ జావో, దీదీ. పిట్ట లేస్తే కాకి దిగిపోద్ది.”

సగమే అర్థమైనా ఆవిడ వెనక్కి తగ్గి, పక్కనే చతికిలబడింది. అసిరమ్మకు ఆవిడ మీద ప్రేమ పుట్టుకొచ్చి, కొంగున కట్టుకున్న వేరుశనగలు పెట్టింది.

మధ్యాహ్నం సత్యారావు వచ్చాడు.

“అత్తా, మొకం పీక్కుపోయిందేటి? ఇంటికెళ్లి తొంగో. నానుంటాను కదా.”

“గుడ్డు బీటిచ్చిందిరా. నీ దుర్బీన్లో సూసాను. ఈయాల కదల్ను. టీ నీళ్లు తే, సాలు.”

కర్ర ఇసుకలో గుచ్చి, మొగలి చెట్టు మొదలుకు జారగిలబడింది.

అతను ఫ్లాస్కుతో తిరిగొచ్చేసరికి పిట్ట లేచి నిలబడి ఉంది. దాని కాళ్ల మధ్య ఇసుక రంగు కూన ఒకటి, తడి ఆరీ ఆరకముందే తూలుతూ నిలబడుతోంది. వచ్చినవాళ్లు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

“అత్తా, సూసినావా!” అని గుసగుసగా అంటూ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. చెయ్యి జారి ఇసుకలో పడింది. కళ్లు మాత్రం పిట్ట వైపే ఉన్నాయి. చూసే ఉంటుంది, చూడకుండా పోయే మనిషి కాదు అనుకున్నాడు.

అతనికి ఏడుపు ముంచుకొచ్చింది. అత్త హుష్ అంటే పిట్టకు అలవాటే గాని ఏడుపు కొత్త. బెదిరి కూనను వదిలి ఎగిరిపోతే? తువ్వాలు నోట్లో కుక్కుకుని, ఆమె పక్కనే కూలబడి ఏడ్చాడు. కెమెరా దీదీ వచ్చి అతని వీపు మీద చెయ్యి వేసింది.

సాయంత్రం ఆమెను ఇంటికి మోసుకెళ్లారు. కర్రను మాత్రం సత్యారావు తియ్యనివ్వలేదు. చెట్టు మీద కాకులు వరసగా కూర్చున్నాయి గాని ఒక్కటీ దిగలేదు. సముద్రపు గాలికి ఎర్ర పీలిక, ఇంకా హుష్ హుష్ అంటున్నట్టే, కదులుతూ ఉంది.