చెల్లెలి మణికట్టు

అమ్మ పోయాక నాన్న కంట తడి పెట్టలేదు. అన్నం మాత్రం మానేశాడు, మజ్జిగతోనే సరిపెట్టుకునేవాడు. ఆమె రాసుకునే సెంటు సీసా అడుగంటిన రోజు నా దగ్గరికొచ్చి, "అదే మళ్లీ చేసిపెట్టగలవామ్మా?" అన్నాడు. ఆయన నన్ను నోరు తెరిచి ఏదైనా అడగడం అదే మొదటిసారి.

చేయగలవా అని నన్నా అడగడం! అమ్మ పక్కన కూర్చుని ఈ పని నేర్చుకున్నదాన్ని నేను. వెనక గదిలో నూనె సీసాల మధ్యే పెరిగాను. చెల్లెలికైతే ఆ గుమ్మం తొక్కితే చాలు, తుమ్ములే తుమ్ములు. "మీ తైలాలకో దండం" అని ముక్కు మూసుకుని పారిపోయేది.

అమ్మ సెంటు బ్రహ్మవిద్యేం కాదు. నిమ్మతొక్క నూనె, గులాబీ నూనె, కాస్త వట్టివేరు నూనె. చుక్క చుక్కా చూసుకుని స్పిరిట్‌లో కలిపి, సీసాని బీరువాలో చీకట్లో పెట్టి, ఊరేదాకా మూత తీయకుండా ఓపిక పట్టాను. ఓపికకీ నాకూ ఆమడ దూరం. నాన్న కోసం తెచ్చిపెట్టుకున్నాను.

మూత తీసిన రోజు కాగితం ముక్క మీద చుక్క వేసి ఇచ్చాను. నాన్న వాసన చూసి తల అడ్డంగా ఊపాడు. కాగితానికేం తెలుసని, నా మణికట్టుకి రాసుకుని, ఆరనిచ్చి, చెయ్యి చాపాను.

"బాగుందమ్మా," అన్నాడు. నన్ను నొప్పించకూడదని ఆయన తంటాలు. "చాలా బాగుంది. కానీ మీ అమ్మది కాదు."

ఏడుపూ కోపమూ కలిసి తన్నుకొచ్చాయి. కొలతలో తప్పు లేదు, నూనెలూ అవే. లేనిది అమ్మ ఒళ్లు. ఒకే సెంటు ఒక్కొక్కరి ఒంటి మీద ఒక్కోలా విచ్చుకుంటుందని నేర్పింది ఆవిడే. నాది నాన్న ఒళ్లు, గులాబీ నిలవదు. అమ్మ ఒళ్లు ఎవరికొచ్చిందో నాకు తెలుసు. తెలిసీ కాసేపు పిలవలేదు.

చివరికి పిలిచాను.

"ఏంటక్కా? గిన్నెలు తోమాలి నేను," అంటూ వచ్చింది చెల్లెలు.

"చెయ్యి ఇటివ్వవే."

"తుమ్ములొస్తాయే!"

"రానీ."

దాని మణికట్టుకి రాశాను. అది తుమ్ముతూనే ఉంది. సెంటు ఆరింది. అమ్మ గదిలోకి వచ్చినట్టే ఉంది.

నాన్న ఆ మణికట్టు మీదికి వంగి, ఇక తల ఎత్తలేదు. ఆయన భుజాలు అదురుతుంటే చెల్లెలు బెదిరి నా వైపు చూసింది. ఇన్నాళ్లూ బిగపట్టుకున్న ఏడుపంతా ఆ చేతిని పట్టుకుని ఏడ్చాడు.

చాలాసేపటికి కళ్లు తుడుచుకుని, "కాస్త అన్నం పెట్టమ్మా," అన్నాడు నాతో. తర్వాత చెల్లెలితో, "ఇవాళ ఆ చెయ్యి తడపకు తల్లీ. వచ్చి నా పక్కన కూర్చో," అన్నాడు.

గిన్నెలు నేను తోమాను. నా మణికట్టు మీది సెంటు సబ్బునీళ్లలో కలిసిపోయింది. పక్కగదిలో నాన్న అన్నం తింటున్నాడు. నేనూ ఆవిడ కడుపున పుట్టినదాన్నే నాన్నా, అని గట్టిగా అరవాలనిపించింది. ఆయన ముద్ద ఎక్కడ ఆగిపోతుందోనని చప్పుడు కాకుండా తోమాను.